నడివయస్సు దాటిన స్త్రీలకు నడక – గుండెకు అర్ధశక్తి నియమం

“తెల్లవారింది మొదలు రాత్రి పడుకునే వరకు ఇంటెడు చాకిరీ చేస్తూనే ఉన్నాను గదండీ, నాకు వేరే వ్యాయామం ఎందుకు?” అని వైద్యశాలకు వచ్చే గృహిణులు తరచుగా అడుగుతూ ఉంటారు. యాభై ఏండ్లు దాటిన తల్లులు ఈ మాటను మరింత గట్టిగా అంటారు. వారి ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే చాకిరీ వేరు, వ్యాయామం వేరు. ఈ రెండింటికీ గల భేదం తెలియకపోవడం వలన వయస్సు మీరుతున్న స్త్రీల గుండెకు జరుగుతున్న హాని సామాన్యమైనది కాదు.

చరకాచార్యులు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో, శరీరానికి స్థిరత్వాన్నీ బలాన్నీ కలిగించే చేష్టయే వ్యాయామమనీ, దానిని మితంగా ఆచరించవలెననీ సెలవిచ్చారు. ఆ చేష్ట మనస్సుకు ఇష్టమైనదై కూడా ఉండవలెనని ఆ నిర్వచనానికి అర్థం చెబుతారు. ఈ కొలతతో మన ఇంటి పనిని కొలిచి చూడండి. పొయ్యి దగ్గర గంటసేపు నిలబడితే కాళ్ళు లాగుతాయి, నడుము పట్టేస్తుంది. కాని గుండె వేగం పెద్దగా పెరగదు. నుదుట పట్టిన చెమట పొయ్యి వేడికి పట్టినదే గాని, శ్రమకు పట్టినది కాదు. నాలుగడుగులు వేయడం, ఆగడం, వంగడం, మళ్ళీ నిలబడడం – ఇట్లా పని అంతా ముక్కలు ముక్కలుగా సాగుతుంది. సాయంత్రానికి అలసట మిగులుతుంది, బలం మిగలదు.

మా చిన్నతనంలో రోటిలో పచ్చడి నూరడం, తిరగలి విసరడం, రోకలితో దంపడం, నూతిలో నీరు తోడడం, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం అన్నీ ఆడవారి పనులే. వాటిలో వ్యాయామం పుష్కలంగా ఉండేది. (ఆ పనులన్నీ వారు ఇష్టపడే చేశారా అన్నది వేరే ప్రశ్న. నాటి స్త్రీలను పొగడి నేటి స్త్రీలను నిందించే వ్యాసాలు ఇప్పటికే చాలా వచ్చాయి, వాటికి మరొకటి చేర్చే ఉద్దేశం నాకు లేదు.) నేడు మిక్సీ, గ్రైండరు, కుళాయి, వాషింగ్ మెషీను వచ్చాయి. చేతులకు విశ్రాంతి కలిగింది, మంచిదే. చాకిరీ అన్న పేరు మాత్రం అట్లాగే నిలిచి, అందులోని వ్యాయామభాగం జారిపోయింది. నేటికీ ఇల్లంతా తడిగుడ్డతో వంగి తుడుచుకునేవారికి, పెరటిలో పలుగు, పార పట్టేవారికి ఆ శ్రమ లెక్కలోకి వస్తుంది. తక్కినవారు వేరుగా సమయం కేటాయించుకోవలసినదే.

ముట్లుడిగిన తరువాత

స్త్రీలకు పన్నెండవ ఏట మొదలైన రజస్సు యాభైయవ ఏటికి క్షయిస్తుందని సుశ్రుతాచార్యులు చెప్పారు. నేడు మన దేశపు స్త్రీలలో సగటున 46, 47 ఏండ్లకే ముట్లు ఉడుగుతున్నాయి. అంతవరకు రక్తనాళాలను మృదువుగా ఉంచుతూ వచ్చిన ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ తరువాత బాగా తగ్గిపోతుంది. చెడు కొలెస్టరాల్ పెరుగుతుంది. ఇంతకుముందు తుంటి, తొడల దగ్గర చేరే కొవ్వు పొట్టచుట్టూ చేరడం మొదలవుతుంది. నాళాలు బిరుసెక్కి రక్తపోటు హెచ్చుతుంది. ఆయుర్వేద దృష్టితో చూస్తే ఒకవైపు మేదస్సు పెరుగుతూ, మరొకవైపు వయోధర్మంగా వాతం ప్రకోపించే సంధికాలమిది.

సాధారణంగా పురుషులకంటె ఏడు నుండి పది సంవత్సరాలు ఆలస్యంగా స్త్రీలకు గుండెజబ్బు కనిపిస్తుంది. ఈ ఆలస్యమే మనలను మోసపుచ్చుతున్నది. ఇంటి యజమానికి యాభైయవ ఏట ఛాతీలో చురుక్కుమంటే ఇంటిల్లిపాదీ ఆదుర్దాపడి ఇ.సి.జి. తీయిస్తారు. అరవై ఏండ్ల ఇల్లాలికి మెట్లెక్కితే ఆయాసం వస్తే “వయస్సు మీరలేదా, గ్యాసు అయి ఉంటుంది” అంటారు. ఆ మాట అనేవారిలో ఆమె కూడా ఒకరు.

నాలుగేండ్ల క్రిందట 61 ఏండ్ల తల్లి ఒకరు నా వద్దకు వచ్చారు. భర్త పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. రెండు నెలలుగా కడుపు ఉబ్బరం, మేడ మెట్లు ఎక్కేటప్పుడు దవడ లాగడం, వీపున బరువు. వాము కషాయం, శొంఠి, సోడా అన్నీ అయిపోయాయి. “మంచి పాచకచూర్ణం ఏదైనా ఇవ్వండి” అని అడిగారు. “కూర్చున్నప్పుడు వస్తుందా తల్లీ?” అన్నాను. “లేదండీ, మెట్లెక్కితేనే వస్తుంది. రెండు నిమిషాలు కూర్చుంటే పోతుంది” అన్నారు. అజీర్ణానికి మెట్లతో పనేమున్నది? శ్రమిస్తే వచ్చి, విశ్రమిస్తే పోయే బాధ గుండెదేనని ముందుగా అనుమానించవలెను. చూర్ణం ఇవ్వక ఆ పూటే గుండె వైద్యుల వద్దకు పంపాను. రక్తనాళం ఒకటి బాగా సన్నబడినదని తేలి, స్టెంటు వేశారు. ఆరు వారాలు గడచిన తరువాత, వారి అనుమతితోనే, ఆమెకు నడక మొదలుపెట్టించాము. మొదట వీధి చివరి వరకు, తరువాత గుడి వరకు. ఇప్పుడు ఆమె గోదావరి గట్టుమీద రోజూ అరగంట నడుస్తున్నారు.

గృహవైద్యం ప్రచురించే పత్రికలోనే ఈ మాట చెప్పడం నా ధర్మమని భావిస్తాను: వాము, శొంఠి, ఇంగువ గొప్ప ఔషధాలే గాని, గుండెనొప్పికి కావు. స్త్రీలలో కూడా ఛాతీలో బరువు, నొక్కినట్లుండడమే ముఖ్య లక్షణం. అయితే దానితోపాటుగానో, దానికి మారుగానో దవడ, మెడ, భుజాలు, వీపులలో లాగుడు, వికారం, చల్లని చెమట, కారణం తెలియని నిస్సత్తువ, ఆయాసం పురుషులలో కంటె ఎక్కువగా కనిపిస్తాయి. ఇట్టి బాధ నడుస్తూ ఉండగా వస్తే వెంటనే ఆగి కూర్చోవలెను. కొద్ది నిమిషాలలో తగ్గకున్నా, విశ్రాంతిగా ఉన్నప్పుడే వచ్చినా 108కి ఫోను చేయవలెను. కాఫీ కాచి ఇచ్చి చూద్దాము, తెల్లవారనిద్దాము అనుకోరాదు. తగ్గిపోయినదని ఊరుకోక మరునాడైనా వైద్యునికి చూపించుకోవలెను.

వృద్ధులకు వ్యాయామం నిషిద్ధమా?

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో వ్యాయామం వలన శరీరం తేలికపడుతుందనీ, పని చేయగల సామర్థ్యం, జఠరాగ్ని పెరుగుతాయనీ, మేదస్సు కరుగుతుందనీ చెప్పారు. ఆ వెంటనే వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం కలవారు దానిని విడిచిపెట్టవలెనన్నారు. దీనిని పట్టుకొని “శాస్త్రమే వద్దన్నది” అంటూ మంచం దిగని పెద్దలు కొందరున్నారు. శాస్త్రాన్ని సగం చదివితే వచ్చే చిక్కు ఇది.

ఆనాడు వ్యాయామం అనగానే కుస్తీ, బరువులెత్తడం వంటి బలప్రదర్శనలు ప్రధానంగా స్ఫురించేవి. అరవై ఏండ్లవారికి అవి తగవన్నమాట నేటికీ సత్యమే. అయితే సుశ్రుతాచార్యులు చికిత్సాస్థానం 24వ అధ్యాయంలో వ్యాయామాన్ని చెప్పిన తరువాత, చంక్రమణాన్ని, అనగా నడకను, విడిగా పేర్కొన్నారు. దేహాన్ని అతిగా బాధించని నడక ఆయుస్సును, బలాన్ని, మేధను, అగ్నిని పెంచుతుందనీ, ఇంద్రియాలకు చురుకుదనమిస్తుందనీ ఆయన అభిప్రాయం. మా గురువుగారు ఈ రెండు విషయాలనూ పక్కపక్కన పెట్టి ఒకే రోజున పాఠం చెప్పేవారు. ఒకటి వల్లించి రెండవది మరచినవానికి మరునాడు కొత్త పాఠం ఉండేది కాదు.

ఇక ఎంత చేయవలెను? బలవంతులు సైతం తమ శక్తిలో సగం మాత్రమే వినియోగించవలెననీ, అదీ చలికాలంలోను, వసంతంలోనుననీ నియమం. దీనికే అర్ధశక్తి అని పేరు. సగం శక్తి ఖర్చయినదని తెలుసుకొనడానికి సుశ్రుతులు చెప్పిన గుర్తు అతి సులభమైనది. హృదయస్థానంలోని వాయువు నోటికి చేరడమే ఆ గుర్తు. ముక్కుతో పీల్చే శ్వాస చాలక నోరు తెరవవలసి వచ్చినదంటే అర్ధశక్తి పూర్తి అయినదన్నమాట. నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పొడసూపడం, నోరు ఎండడం కూడా గుర్తులుగా చెబుతారు.

నేటి గుండె వైద్యులు చెప్పే మాటల పరీక్షను దీని పక్కన పెట్టి చూడండి. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగవలెను, పాట మాత్రం పాడలేకపోవలెను. అది గుండెకు మేలుచేసే మధ్యమ వేగం. మా వద్దకు వచ్చేవారికి నేను ఇట్లా చెబుతాను: నడుస్తూ అన్నమయ్య కీర్తన ఒకటి హాయిగా ఎత్తుకోగలిగితే మీ నడక చాలదు, వేగం పెంచండి. కోడలి మీద ఫిర్యాదు ఒక్క వాక్యమైనా పూర్తిచేయలేకపోతే వేగం హెచ్చినది, తగ్గించండి. గడియారం, నాడి లెక్క అక్కరలేదు. పైగా రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి గనుక, అట్టివారికి నాడి లెక్క తప్పుదారి పట్టిస్తుంది. ఊపిరి గుర్తే నమ్మదగినది.

లెక్కలు ఏమంటున్నవి

లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ఒక పరిశీలన ప్రకటించారు. రెండంతస్తుల బస్సులలో కూర్చుని నడిపే డ్రైవర్లకంటె, రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చినదని దాని సారాంశం. అయితే వారంతా పురుషులే. స్త్రీల విషయంలో చెప్పుకోదగినది అమెరికాలో 1976లో ఆరంభమైన నర్సుల ఆరోగ్య పరిశీలన. అందులో 40 నుండి 65 ఏండ్ల మధ్య వయస్సుగల 72 వేలమందికి పైగా నర్సులను ఎనిమిదేండ్లు గమనించి, 1999లో ఫలితాలు ప్రకటించారు. వారానికి 3 గంటలు, లేక అంతకు మించి చురుకుగా నడిచేవారిలో గుండెపోటు వంటి ఆపదలు నడవనివారిలో కంటె 30 నుండి 40 శాతం తక్కువగా ఉన్నాయి. అంతవరకు కదలక కూర్చుని, నడివయస్సులోనో ఆ తరువాతో నడక మొదలుపెట్టినవారికి కూడా ముప్పు తగ్గినది. నా దృష్టిలో అన్నిటికంటె విలువైన మాట అది. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా నడుస్తారు గదా అన్న శంక సహజమే. పరిశోధకులు వయస్సు, పొగత్రాగుడు వంటి తేడాలను మినహాయించి చూసినా మేలు కనిపించినది.

రోజుకు పదివేల అడుగులు వేయనిదే ప్రయోజనం లేదని పిల్లలు ఫోనులో చూపించి తల్లులను బెదిరిస్తున్నారు. ఆ పదివేల సంఖ్య 1965 ప్రాంతంలో జపానులో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్మడానికి పెట్టిన పేరునుండి పుట్టినదే గాని, వైద్యపరిశోధన నుండి కాదు. సగటున 72 ఏండ్ల వయస్సుగల 16 వేలమందికి పైగా వృద్ధస్త్రీలను గమనించి 2019లో ప్రకటించిన పరిశీలనలో, రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారికంటె 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు 40 శాతం వరకు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటిన తరువాత అదనపు లాభం కనిపించలేదు. చూడండి, ఇక్కడ కూడా మితమే మాట్లాడుతున్నది.

ఆచరించవలసిన విధానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యమ శ్రమ అవసరం. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున నడిస్తే 150 నిమిషాలు అవుతాయి. అలవాటు లేనివారు మొదటి వారం పది నిమిషాలతో ఆరంభించి, వారానికి ఐదు నిమిషాలు పెంచుకుంటూ పోతే ఐదవ వారానికి అరగంట చేరుతుంది. ఒక్కసారిగా అరగంట కుదరకపోతే ఉదయం కొంత, సాయంత్రం కొంత నడవవచ్చును. మొదటి ఐదు నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మెల్లగా నడవవలెను. వేగంగా నడుస్తూ చటుక్కున ఆగితే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరగవచ్చును.

రబ్బరు చెప్పులతో నడవరాదు. “చీరమీద బూట్లేమిటండీ, నవ్వరా?” అని మొహమాటపడేవారున్నారు. తుంటి ఎముక విరిగితే ఎవరూ నవ్వరు. మడమ జారని మెత్తని బూట్లు కొనుక్కోండి.

మోకాళ్ళ నొప్పులు ఎక్కువమందికి అడ్డు. నొప్పి ఉన్నదని నడక మానితే తొడకండరం క్షీణించి మోకాలిమీద భారం ఇంకా పెరుగుతుంది. శాస్త్రంలో అభ్యంగం తరువాతనే వ్యాయామం చెప్పారు. గోరువెచ్చని నువ్వులనూనెతో మోకాళ్ళకు, పిక్కలకు పది నిమిషాలు మృదువుగా మర్దనా చేసుకొని, అరికాళ్ళ జిడ్డు బాగా తుడుచుకొని నడవండి. కుర్చీలో కూర్చుని, చేతుల ఊతం లేకుండా లేచి నిలబడి, మళ్ళీ మెల్లగా కూర్చోవడం – దీనిని పదిమార్లు చేస్తే తొడలకు బలం వస్తుంది. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల పట్టుకొని ఎత్తి దించడం, గోడకు చేతులు ఆన్చి ముందుకు వాలి వెనుకకు నెట్టడం కూడా మంచివి. ఇవి వారానికి రెండు రోజులు చాలు. ఊపిరి బిగబట్టి చేయరాదు, రక్తపోటు ఎగబాకుతుంది. వంటింటి గట్టు పట్టుకొని ఒంటికాలిమీద కొద్ది క్షణాలు నిలబడడం వారానికి మూడు రోజులైనా అభ్యసిస్తే పడిపోయే భయం తగ్గుతుంది. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు పుస్తకం చూసి శీర్షాసనం వంటివి ఆరంభించరాదు.

ఇంతకుముందే గుండెజబ్బు ఉన్నవారు, రక్తపోటు అదుపులో లేనివారు, ఏండ్ల తరబడి మధుమేహం ఉన్నవారు, కాళ్ళవాపు లేక కొద్ది శ్రమకే ఆయాసం ఉన్నవారు ముందుగా వైద్యునికి చూపించుకొని మొదలుపెట్టవలెను. ఆయాసానికి రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా కారణాలు కావచ్చును. అవి రక్తపరీక్షలో తేలిపోతాయి. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు నడకకు వెళ్ళేటప్పుడు కొంగున బెల్లంముక్క కట్టుకొని వెళ్ళండి. వణుకు, చెమట, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే నోట వేసుకోవచ్చును.

కడుపునిండా భుజించిన వెంటనే వేగంగా నడవరాదు. భోజనానంతరం నూరు అడుగులు మెల్లగా వేయమన్నది వేరు. అది జీర్ణానికి, మధుమేహులకు మంచిదే గాని, దానిని వ్యాయామం క్రింద జమకట్టుకోరాదు.

కార్తికమాసంలో మన తల్లులు తెల్లవారుజామున లేచి నూటయెనిమిది ప్రదక్షిణలు చేస్తారు. ఎంత చక్కని నడక! పోలిపాడ్యమి వెళ్ళిన మరునాటినుండి మళ్ళీ మంచం, టీవీ. రెండు మూడు వారాలు మానితే చాలు, కూడబెట్టిన బలం కరగడం మొదలవుతుంది. ఈ నియమం తప్పడానికి వారి బద్ధకమొక్కటే కారణమనుకోవడం అన్యాయం. ఉదయం ఆరుగంటలకు భర్తకు కాఫీ, ఏడింటికి మనుమలకు టిఫిను, ఎనిమిదింటికి కొడుకూ కోడళ్ళకు క్యారేజీలు అందించే మనిషికి నడిచే వేళ ఏది? అందుచేత ఈ వ్యాసాన్ని ఇంటిలోని పురుషులు కూడా చదవవలెనని కోరుతున్నాను. కాఫీ కలుపుకోవడం కష్టమైన విద్య కాదు. ఆ అరగంట ఆమెకు వదలండి. వీలైతే ఆమెతో కలిసి నడవండి, కాని ముందు నడిచిపోయి వెనక్కి తిరిగి “త్వరగా రావేమి” అని విసుక్కోకండి. ఆమె వేగం ఆమె ఊపిరిని బట్టి నిర్ణయం కావలెను.

గ్రీష్మంలో వ్యాయామాన్ని, ఎండను వర్జించమని ఋతుచర్యలో చెప్పారు. మన కోస్తాలోను, తెలంగాణలోను రోహిణీకార్తె ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ రోజులలో సూర్యోదయానికి ముందే ముగించండి, లేదా ఇంటి వసారాలోనే అటూఇటూ మెల్లగా నడవండి. ఉప్పు వద్దని వైద్యులు చెప్పనివారు పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి త్రాగవచ్చును. వడగాడ్పు వీచే రోజున నడక మానినా దోషం లేదు, కుర్చీ అభ్యాసం చేసుకోండి.

చివరగా తెల్లమద్ది సంగతి. దీనినే అర్జున వృక్షమంటారు. గుండెకు హితమైనదిగా ఆయుర్వేదంలో ప్రసిద్ధి పొందినది. బెరడు చూర్ణం ఒక భాగం, పాలు ఎనిమిది భాగాలు, నీరు ముప్పదిరెండు భాగాలు కలిపి సన్నని సెగమీద పాలు మాత్రమే మిగిలే వరకు కాచి వడకట్టితే అది క్షీరపాకం. చూర్ణం 5 గ్రాములైతే పాలు 40 మిల్లీలీటర్లు, నీరు 160 మిల్లీలీటర్లు అవుతాయి. ఉదయం నడక ముగించి, ఒళ్ళు చల్లబడిన తరువాత గోరువెచ్చగా త్రాగవచ్చును. అయితే ఇది నడకకు తోడే గాని మారు కాదు. గుండెకు, రక్తపోటుకు వైద్యులు ఇచ్చిన మాత్రలకు బదులు అంతకన్నా కాదు. ఇది త్రాగుతున్నామని ఆ మాత్రలు ఒక్క పూట కూడా మానరాదు. రక్తాన్ని పలుచబరచే మాత్రలు వాడేవారు, రక్తపోటు సహజంగానే తక్కువగా ఉన్నవారు తమ వైద్యుని అడిగిన తరువాతనే మొదలుపెట్టవలెను. బెరడును గుర్తెరిగిన అంగడిలో కొని, ఇంటిలోనే దంచుకొనడం మేలు.